పరుగెత్తే చుక్కల పద్దుపుస్తకం

2023 జనవరిలో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తన మొదటి బాహ్యగ్రహాన్ని, అంటే సూర్యుడి చుట్టూ కాక వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని, ఖాయం చేసింది. సైజులో ఇంచుమించు భూమికి సరిజోడు. 41 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక ఎర్ర మరుగుజ్జు (చిన్న, మసక) నక్షత్రం చుట్టూ రెండు రోజులకోసారి తిరిగేస్తోంది. పేరు ఎల్‌హెచ్‌ఎస్ 475 బి. టెలిస్కోపు కొత్తది, గ్రహం కొత్తది. పేరు మాత్రం పాత జాబితాది. విలెమ్ లైటెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆకాశంలో ఏడాదికి అర ఆర్క్ సెకను (ఆర్క్ సెకనంటే డిగ్రీలో 3600వ వంతు) కంటే ఎక్కువ జరిగే నక్షత్రాలను ఏరి, 1970లలో అచ్చువేసిన ఎల్‌హెచ్‌ఎస్ పట్టికలో ఆ నక్షత్రం 475వ నంబరు.

ఇదొక్కటే కాదు. రాస్ 128 బి, వుల్ఫ్ 1061 సి, ఎల్‌టీటీ 1445 ఎ బి, జీ 9-40 బి. పొరుగున దొరికిన గ్రహాల పేర్లు చదువుతూ పోతే, అవి గ్రహాలను వెతికినవాళ్ల పేర్లు కావని తెలుస్తుంది. కదిలే నక్షత్రాలను ఓపిగ్గా లెక్కరాసినవాళ్ల పేర్లో, వాళ్ల పట్టికల పేర్లో అవి. వాళ్లలో చాలామందికి గ్రహాల ధ్యాసే లేదు. అయినా ఇప్పటి గ్రహాన్వేషణ నడుస్తున్నది వాళ్లు వేసిన బాటమీదే అని నా అభిప్రాయం.

కారణం సులువైనదే. దిగడానికి మన మిద్దెమీదుగా వచ్చే విమానం కళ్ళముందే దూసుకుపోతుంది. అంతకన్నా వేగంగా ఎక్కడో పైన పోయే విమానం పాకుతున్నట్టుంటుంది. ఆకాశంలో గబగబా చోటు మారే నక్షత్రం దాదాపుగా మనకు దగ్గరిదే. దగ్గరగా ఉండి కూడా మసగ్గా కనిపిస్తోందంటే అది చిన్నది. చిన్న నక్షత్రం ముందునుంచి గ్రహం అడ్డంగా పోతే వెలుగు ఎక్కువ శాతం తగ్గుతుంది. గ్రహం లాగితే నక్షత్రం ఎక్కువగా ఊగుతుంది. భూమంత గ్రహాన్ని పట్టుకోవాలంటే వెతకాల్సింది అక్కడే.

నక్షత్రాలు కదులుతాయని మొదట చెప్పినవాడు ఎడ్మండ్ హేలీ, 1718లో. గ్రీకుల కాలం నాటి కొలతలను తన కాలం నాటి స్థానాలతో పోల్చి చూస్తే మృగవ్యాధుడు, స్వాతి లాంటి ప్రకాశవంతమైన నక్షత్రాలు ఉండాల్సిన చోట లేవు. స్వాతి ఏడాదికి రెండు ఆర్క్ సెకన్లకు కాస్త పైన జరుగుతుంది. నిండు చంద్రుడి వెడల్పంత దూరం పోవడానికి దానికి ఎనిమిది వందల ఏళ్లు కావాలి. ఒక మనిషి జీవితకాలంలో కంటితో పట్టుకునే సంగతి కాదిది. పాత లెక్క ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి, అది పోకుండా ఉండాలి. ఈ శాస్త్రానికి మొదటి నుంచీ పెట్టుబడి అదే.

తర్వాత పలెర్మోలో గుసెప్పె పియాజ్జి 61 సిగ్నై అనే ఓ మామూలు చుక్క ఏడాదికి అయిదు ఆర్క్ సెకన్లకు పైగా పరుగెడుతోందని గమనించాడు. ఇంత వేగంగా పోతోందంటే దగ్గరే ఉండాలన్న లెక్కతో ఫ్రెడరిక్ బెస్సెల్ దాన్నే ఎంచుకుని, 1838లో మొట్టమొదటిసారి ఒక నక్షత్రం దూరాన్ని నమ్మకంగా కొలిచాడు. ఆ బెస్సెలే 1844లో ఇంకో మాట అన్నాడు. మృగవ్యాధుడు తిన్నగా పోవడం లేదు, వంకరలు తిరుగుతూ పోతోంది, కాబట్టి పక్కన కనిపించని తోడు ఏదో ఉంది అని. 1862లో ఆ తోడు కనిపించింది. అది గ్రహం కాదు, మరో నక్షత్రం. కానీ కదలికలోని వంకరను బట్టి కనిపించనిదాన్ని ఊహించే పద్ధతి అక్కడే పుట్టింది. తర్వాతి వందేళ్లలో ఆ పద్ధతి కొందరిని దారి తప్పించింది కూడా.

ఫోటోగ్రఫీ వచ్చాక పని తీరే మారిపోయింది. ఒకే ఆకాశభాగాన్ని కొన్నేళ్ల తేడాతో రెండు గాజు ప్లేట్ల మీద తీసి, బ్లింక్ కంపారేటర్ అనే పరికరంలో పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి కళ్లముందు గబగబా మారుస్తారు. కదలని చుక్కలు కదలకుండా ఉంటాయి, కదిలింది మాత్రం అటూఇటూ గెంతుతుంది. 1915లో జొహానెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్నెస్ ఇలాగే ఆల్ఫా సెంటారీతో పాటే కదులుతున్న మసక చుక్క ఒకదాన్ని పట్టుకున్నాడు. అదే ప్రాక్సిమా, సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం. నూటొక్క ఏళ్ల తర్వాత, 2016లో, దాని చుట్టూ గ్రహం దొరికింది.

ప్రాక్సిమాను పట్టుకున్న మరుసటి ఏడాదే, 1916లో, ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ తన కొత్త ప్లేటును 1894 నాటి ప్లేటుతో పోల్చి, ఏడాదికి పది ఆర్క్ సెకన్లకు పైగా పరుగెత్తే నక్షత్రాన్ని కనుక్కున్నాడు. ఆకాశంలో ఇంతకన్నా వేగంగా జరిగే నక్షత్రం ఇప్పటికీ దొరకలేదు. దూరం ఆరు కాంతి సంవత్సరాలు. బర్నార్డ్ పేదింటి పిల్లవాడు, తొమ్మిదేళ్ల వయసులోనే నాష్‌విల్‌లో ఫోటో స్టూడియో పనికి చేరాడు. ఆయన పోయాక ఫ్రాంక్ రాస్, ఆయన పనిచేసిన యర్క్స్ అబ్జర్వేటరీలోనే, బర్నార్డ్ ప్లేట్లన్నిటినీ మళ్లీ తీసి, పోల్చి, వెయ్యికి పైగా పరుగుచుక్కలను ఏరాడు. జర్మనీలో మాక్స్ వుల్ఫ్ అంతే పని చేశాడు. అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో హెన్రీ జిక్లాస్ బృందం క్లైడ్ టాంబా ప్లూటో కోసం తీసిన ప్లేట్లనే పాత ప్లేట్లుగా వాడుకుంది. జీ అక్షరంతో మొదలయ్యే పేర్లు అక్కడివి. ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేశారు గానీ, దాన్ని వెతికిన ప్లేట్లు వేరే గ్రహాలకు దారి చూపాయి.

లైటెన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1899లో డచ్చి వాళ్ల ఏలుబడిలోని జావా దీవిలో, సెమరాంగ్‌లో పుట్టాడు. 1925లో టెన్నిస్ ఆడుతుండగా దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. మిగిలిన ఒక్క కంటితో లక్షల చుక్కల కదలికలు కొలిచాడు. హార్వర్డ్ వాళ్ల బ్రూస్ టెలిస్కోపుతో పెరూలో తీసిన పాత ప్లేట్లు ఉన్నాయి. అదే టెలిస్కోపును దక్షిణాఫ్రికాకు తరలించాక ఆయనే వెళ్లి కొత్త ప్లేట్లు తీశాడు. తర్వాత మినెసోటా విశ్వవిద్యాలయంలో కూర్చుని పాలొమార్ కొండమీది 48 అంగుళాల కెమెరా ప్లేట్లను పట్టాడు. పని చేతితో తెమిలేది కాదని తేలి, కంట్రోల్ డేటా కంపెనీతో కలిసి ప్లేట్లను చదివే యంత్రాన్ని చేయించాడు. 1979లో వెలువడిన ఆయన పెద్ద పట్టిక ఎన్‌ఎల్‌టీటీలో 58 వేలకు పైగా నక్షత్రాలున్నాయి. ఆయన వెతికింది ప్రధానంగా తెల్ల మరుగుజ్జులను (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాలను), సూర్యుడి పొరుగున ఏ రకం నక్షత్రాలు ఎన్ని ఉన్నాయన్న లెక్కను. 1994లో చనిపోయాడు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ మొదటి గ్రహం దొరికింది ఆ మరుసటి ఏడాది.

ఇక దారి తప్పిన కథ. పెన్సిల్వేనియాలోని స్వార్థ్‌మోర్ కాలేజీకి చెందిన స్ప్రౌల్ అబ్జర్వేటరీలో పీటర్ వాన్ డి కాంప్ 1938 నుంచి బర్నార్డ్ నక్షత్రాన్ని ఏటేటా ఫోటో తీయించాడు. రెండు వేలకు పైగా ప్లేట్లు పోగయ్యాయి. 1963లో ప్రకటించాడు: నక్షత్రం ఊగుతోంది, చుట్టూ గురుగ్రహానికి 1.6 రెట్ల బరువున్న గ్రహం 24 ఏళ్లకోసారి తిరుగుతోంది అని. 1969లో లెక్క మార్చి, ఒకటి కాదు రెండు గ్రహాలన్నాడు. పాఠ్యపుస్తకాలకెక్కింది. ఇంతకీ ఆయన చెప్పిన ఊగు ప్లేటు మీద ఎంత? మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త పైన.

1973లో జార్జ్ గేట్‌వుడ్, హైన్రిక్ ఐకార్న్ వేరే టెలిస్కోపుల ప్లేట్లను యంత్రంతో కొలిచి చూస్తే ఏ ఊగూ లేదు. అంతకన్నా గట్టి దెబ్బ సొంత అబ్జర్వేటరీ నుంచే తగిలింది. జాన్ హెర్షీ అదే స్ప్రౌల్ టెలిస్కోపుతో తీసిన వేరే నక్షత్రాలను చూశాడు. అవీ అదే సమయాల్లో, అదే తీరున గెంతుతున్నాయి. 1949లో కటకాన్ని పట్టి ఉంచే చట్రం మార్చారు, 1957లో కటకాన్ని సర్దారు. బర్నార్డ్ గ్రహం అక్కడ పుట్టింది, ఆకాశంలో కాదు. వాన్ డి కాంప్ మాత్రం ఒప్పుకోలేదు. 1995 మేలో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. అదే ఏడాది అక్టోబరులో మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ సూర్యుడి లాంటి 51 పెగసీ నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని ప్రకటించారు.

ఆయన్ను ఎగతాళి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకది సరి కాదనిపిస్తుంది. అడిగిన ప్రశ్న సరైనది, ఎంచుకున్న నక్షత్రం సరైనది, పరికరం చాల్లేదు. అదీగాక బర్నార్డ్ నక్షత్రం ఆయన తర్వాత వచ్చినవాళ్లనూ ముప్పుతిప్పలు పెట్టింది. స్థానం చూసే పద్ధతి వదిలి, నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసిన వర్ణపటంలోని గీతలు ఎటు జరుగుతున్నాయో చూసి, నక్షత్రం మనవైపుకో అటువైపుకో ఊగడాన్ని కొలిచే పద్ధతి పట్టారు. 2018లో భూమికి మూడు రెట్లకు పైగా బరువున్న గ్రహం 233 రోజులకోసారి తిరుగుతోందని ఒక పెద్ద బృందం చెప్పింది. 2021లో మరో బృందం వచ్చి అది నక్షత్రం ఒంటిమీది మచ్చల ఆట అంది. 2024 అక్టోబరులో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుకు అమర్చిన ఎస్ప్రెస్సో పరికరంతో, 3.15 రోజులకోసారి తిరిగే, భూమికన్నా తేలికైన గ్రహం దొరికింది. 2025 మార్చికి హవాయిలోని జెమిని నార్త్ కొలతలు కూడా కలిసి లెక్క నాలుగు చిన్న గ్రహాలకు చేరింది. నాలుగూ వారం తిరక్కుండానే చుట్టు పూర్తిచేస్తాయి. 1963 నాటి గ్రహంతో వీటికి ఏ సంబంధమూ లేదు.

ఈ కథలో హైదరాబాద్ ముక్క ఒకటుంది. 1887లో పారిస్‌లో జరిగిన సమావేశంలో ఆకాశం మొత్తాన్ని ఫోటో తీసి పట్టిక వేయాలని తీర్మానించారు. ఇరవై దాకా అబ్జర్వేటరీలు ఆకాశాన్ని అడ్డపట్టీలుగా పంచుకున్నాయి. కొన్ని చేతులెత్తేశాయి. చిలీలోని శాంటియాగో వదిలేసిన దక్షిణపు పట్టీ, అంటే ఆకాశపు మధ్యరేఖకు దక్షిణాన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా, నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో సొంత డబ్బుతో పెట్టుకున్న అబ్జర్వేటరీ అది. ఆయన తదనంతరం 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుని, బేగంపేటలో నిలబెట్టింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో (ఆకాశాన్ని ఫోటో తీసే టెలిస్కోపుతో) చాట్‌వుడ్, పోకాక్, తర్వాత టి.పి. భాస్కరన్ హయాముల్లో ప్లేట్లు తీశారు, కొలిచారు, సంపుటాలు అచ్చువేశారు. దక్షిణపు పట్టీ అయ్యాక జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయలేని ఉత్తరపు భాగం, ప్లస్ 36 నుంచి ప్లస్ 39 డిగ్రీల దాకా, కూడా నెత్తికెత్తుకున్నారు.

ఆ ఉత్తరపు పట్టీలో ఏముందో చూస్తే ముచ్చటేస్తుంది. బెస్సెల్ దూరం కొలిచిన 61 సిగ్నై అందులోదే. ఏడాదికి ఏడు ఆర్క్ సెకన్లు పరుగెత్తే గ్రూంబ్రిడ్జ్ 1830 అనే నక్షత్రం కూడా అందులోదే.

ఈ ప్రపంచ పథకాన్ని చాలామంది తెల్ల ఏనుగు అన్నారు. యూరప్ అబ్జర్వేటరీలు దశాబ్దాల తరబడి ఈ లెక్కల్లో కూరుకుపోతే, అమెరికావాళ్లు పెద్ద దర్పణాలు కట్టి కొత్త భౌతికశాస్త్రం వైపు దూసుకుపోయారన్నది ఫిర్యాదు. కొంత నిజమే. కానీ 1990లలో అమెరికా నేవీ అబ్జర్వేటరీ ఆ సంపుటాలన్నిటినీ కంప్యూటరుకెక్కించి ఒకే కొలమానానికి తెచ్చింది. మొత్తం 46 లక్షల నక్షత్రాలు, సగటున 1907 నాటి స్థానాలు. యూరప్ వాళ్ల హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా కొలిచిన స్థానాలను వాటి పక్కన పెడితే, మధ్యలో దాదాపు ఎనభై ఏళ్ల వ్యవధి చేతికొచ్చింది. అలా 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలు ఉన్నాయి. మూడున్నరేళ్లు పనిచేసిన ఉపగ్రహం ఒక్కటే అంత కచ్చితంగా చెప్పగలిగేది కాదు. బేగంపేట ప్లేట్ల మీద కొలిచిన చుక్కలూ అందులో కలిసి ఉన్నాయి.

తర్వాత యూరప్ వాళ్లదే గాయా అనే ఉపగ్రహం వచ్చి అన్నిటినీ మింగేసింది. 2013 డిసెంబరులో ఎగిరి, 2025 జనవరి దాకా చూసింది. 2022 నాటి మూడో విడత పట్టికలోనే దాదాపు 146 కోట్ల నక్షత్రాలకు దూరం, కదలిక లెక్కలున్నాయి. అంతటి గాయా కూడా 2016 నాటి మొదటి విడతలో ఏడాదికి మూడున్నర ఆర్క్ సెకన్లకు మించి పరుగెత్తే నక్షత్రాలను జారవిడిచింది. రెండు శతాబ్దాలుగా అందరూ వెంటపడ్డ చుక్కలే జాబితాలో లేకుండా పోయాయి. తర్వాతి విడతల్లో సర్దారు.

వాన్ డి కాంప్ చూశాననుకున్న ఊగులో వెయ్యో వంతును కూడా గాయా ప్రకాశవంతమైన నక్షత్రాల్లో పసిగట్టగలదు. ఆయన పద్ధతి దానివల్లే మళ్లీ బతికింది. 2025 ఫిబ్రవరిలో గాయా-4 బి అనే గ్రహాన్ని ప్రకటించారు. గురుడికి పన్నెండు రెట్లు బరువు, 570 రోజుల చుట్టు. మొదట కనిపెట్టింది నక్షత్రం ఊగును బట్టే, అయితే భూమ్మీది టెలిస్కోపులతో వర్ణపటం కూడా సరిచూసుకున్నాకే బయటపెట్టారు. 2026 డిసెంబరులో రావాల్సిన నాలుగో విడతలో, ఒక్కో నక్షత్రం ఏ తేదీన ఎక్కడ కనిపించిందన్న కొలతలు కూడా మొదటిసారి విడివిడిగా ఇస్తారు. ఎవరైనా కొత్త గ్రహం ఉందంటే, పక్క నక్షత్రాలు కూడా అదే తేదీల్లో అలాగే గెంతాయేమో ఎవరైనా చూసుకోవచ్చు.