టైరు, కుట్టు, మిగిలిపోయిన ముక్క

"అక్కకి మూడో నెలలో కడుపు పోయింది సార్. ఐదో రోజు నుంచి చలిజ్వరం. డాక్టరమ్మ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. స్కానింగ్ చూసి, లోపల ముక్క ఉండిపోయింది, ఈ రాత్రికే క్లీన్ చేయాలి అంటున్నారు. ఇన్ని యాంటీబయాటిక్స్ ఉన్నాక మళ్ళీ క్లీనింగ్ ఎందుకు?" అని ఒక పాఠకుడు ఫోనులో అడిగారు. ఆలోచించకుండా చేయించండి అని అప్పుడే చెప్పాను. ఎందుకు చేయించాలో ఇక్కడ చెబుతాను.

1942 మార్చిలో అమెరికాలోని న్యూ హేవెన్ ఆస్పత్రిలో ఆన్ మిల్లర్ అనే 33 ఏళ్ళ ఆవిడ చావుబతుకుల మధ్య ఉంది. గర్భస్రావం తర్వాత స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా రక్తంలోకి పాకింది. నెల రోజులుగా జ్వరం, ఒక్కోసారి దాదాపు 107 డిగ్రీలు. సల్ఫా మందులు, రక్తం ఎక్కించడం, ఆపరేషన్, ఏదీ పనిచేయలేదు. మార్చి 14న ఆమెకు పెన్సిలిన్ ఎక్కించారు. అప్పటికి అమెరికా మొత్తంలో ఉన్న పెన్సిలిన్‌లో సగం ఆ చెంచాడు పొడే. మర్నాటికి జ్వరం దిగిపోయింది. పెన్సిలిన్ ఎంత అపురూపమంటే, ఆమె మూత్రాన్ని సీసాల్లో పట్టి, అందులోంచి మందును మళ్ళీ తీయడానికి కంపెనీకి పంపారు. ఆమె 90 ఏళ్ళు బతికి 1999లో కన్నుమూసింది.

మన పాఠ్యపుస్తకాల్లో "పెన్సిలిన్ బాక్టీరియాను చంపును" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఎలా చంపుతుందో చెప్పకపోతే పిల్లవాడికి మందుకీ మంత్రానికీ తేడా ఏం తెలుస్తుంది?

సైకిలు టైరును గుర్తు తెచ్చుకోండి. లోపలి ట్యూబు మెత్తన, గాలి ఒత్తిడికి తనంతట తాను నిలబడలేదు. టైరు ఒకచోట చిరిగితే ట్యూబు అక్కడ బుడగలా ఉబికి, కాసేపటికి ఢామ్మని పేలుతుంది. బాక్టీరియాకు పలచటి పొర ట్యూబు, దాని మీది గోడ టైరు. స్ట్రెప్టోకాకస్ లాంటి వాటిలో లోపలి ఒత్తిడి 20 అట్మాస్ఫియర్ల దాకా ఉండొచ్చు, కారు టైరులో ఉండేదానికి దాదాపు పది రెట్లు. బాక్టీరియా పెరగాలంటే టైరు వేసుకునే లావెక్కాలి కదా. అందుకని కొన్ని ఎంజైములు పాత టైరును అక్కడక్కడా కత్తిరిస్తూ ఉంటాయి, మరికొన్ని ఆ సందుల్లో కొత్త పట్టీలు పెట్టి కుడుతుంటాయి. కుట్టాల్సిన దారం కొస డి-అలనీన్ అనే అమైనో ఆమ్లం అణువులు రెండింటితో ఉంటుంది. పెన్సిలిన్ ఆకారం అచ్చం అలాగే ఉంటుంది. కుట్టే ఎంజైము దారమే అనుకుని దాన్ని పట్టుకుంటుంది, ఇక వదిలించుకోలేదు. కత్తిరించే ఎంజైములు మాత్రం పని ఆపవు. చిరుగు పెద్దదై ట్యూబు పేలిపోతుంది. మన కణాలకు టైరే లేదు కాబట్టి వాటికి ఈ దెబ్బ తగలదు.

పాఠకుడి ప్రశ్నకు జవాబు కూడా ఈ టైరులోనే ఉంది. పెరగని బాక్టీరియా టైరును కత్తిరించుకోదు. కత్తిరింపు లేని చోట కుట్టు ఆగితే ఏం నష్టం? 1952లో హ్యారీ ఈగిల్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకల కండరాల్లో స్ట్రెప్టోకాకస్ ఎక్కించి చూశారు. పెన్సిలిన్ ఆలస్యంగా ఇస్తే ఎలుకలు బతకలేదు. అప్పటికే కిక్కిరిసిపోయిన బాక్టీరియా పెరగడం మానేసింది. అందుకే సీరియస్ కేసుల్లో క్లిండామైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. అది టైరు జోలికి పోదు. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ను ఆపి, విషాల తయారీనే కట్టేస్తుంది. ఈ.కోలై లాంటి బాక్టీరియాలు టైరు మీద ఇంకో పొర కప్పుకుని పెన్సిలిన్‌ను అడ్డుకుంటాయి కాబట్టి జెంటామైసిన్ అనే మరో యాంటీబయాటిక్ తోడవుతుంది.

ఇన్ని మందులూ రక్తంలోనే ప్రయాణించాలి. గర్భసంచిలో ఉండిపోయిన ముక్కకు రక్తప్రసరణ తెగిపోయింది. వెచ్చగా, తడిగా, ఆక్సిజన్ లేకుండా ఉన్న ఆ చోట బాక్టీరియాకు కావలసినంత తిండి. సీసాల కొద్దీ ఎక్కించినా మందు దాని అంచు దగ్గరే ఆగుతుంది. అందుకే యాంటీబయాటిక్ మొదలుపెట్టి, సెలైన్‌తో బీపీ నిలబెట్టి, ఆలస్యం చేయకుండా సక్షన్‌తో ఆ ముక్కను తీసేస్తారు.

క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా చేరితే పరిస్థితి ఇంకా ఘోరం. దాని విషం మన కణాల పొరలోని లెసిథిన్ అనే కొవ్వును కరిగిస్తుంది. మన ఎర్రరక్తకణాలకు టైరు లేదు, వట్టి ట్యూబే. గంటల్లో కోట్లకొద్దీ పగిలిపోతాయి, కళ్ళు పచ్చబడతాయి, మూత్రం నల్లటి ఎరుపుకు తిరుగుతుంది. అప్పుడు ప్రాణం దక్కాలంటే గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు.

వేచి చూడటం ఎంత ప్రమాదమో 2012లో ఐర్లండ్‌లో సవిత హలప్పనవర్ విషయంలో చూశాం. బెళగావి నుంచి వెళ్ళిన డెంటిస్టు, 31 ఏళ్ళు. 17వ వారంలో గర్భం నిలవదని తేలినా, పిండం గుండె కొట్టుకుంటోందని ఆమె అడిగిన అబార్షన్ చేయలేదు. ఈ.కోలై రక్తంలోకి పాకి అక్టోబర్ 28న చనిపోయింది. ఆ దేశ ప్రజలు ఓటేసి, అబార్షన్‌ను అడ్డుకున్న రాజ్యాంగ నిబంధనను తీసేసింది 2018లో.

మన ఇళ్ళలో ఆలస్యానికి కారణాలు వేరు. "పచ్చి ఒళ్ళు, గాలి సోకింది" అని తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు. మందుల షాపులో అబార్షన్ మాత్రల కిట్ కొని వేసుకున్న అమ్మాయి భయంతో డాక్టరు దగ్గర కూడా దాస్తుంది. దాచకమ్మా. అబార్షన్‌ను మన చట్టం 1971 నుంచి షరతులతో ఒప్పుకుంటోంది. కిట్ వేసుకున్న సంగతి తెలిస్తే డాక్టరు లోపల ఏం మిగిలిందోనని ముందే చూస్తారు.

కడుపు పోయాక చలిజ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసన వేసే స్రావం, తగ్గని రక్తస్రావం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. క్లాస్ట్రిడియం సోర్డెల్లి అనే అరుదైన బాక్టీరియా సోకితే చాలాసార్లు జ్వరం కూడా రాదు. నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకుంటూ, మనిషి నీరసంగా వాలిపోతుంటే, థర్మామీటరు మామూలుగా చూపించినా సరే, బండి ఎక్కించండి.