ఆరు నెలల గడువు: తీసేసినదాన్ని మళ్లీ తెచ్చారు

రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లు ఆరు నెలల్లోపే పరిహారం కేసు వేయాలా? గడువు దాటిందన్న కారణంతో ఏ పిటిషన్నూ కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇవ్వడంతో ఈ పాత తగాదా మళ్లీ పైకొచ్చింది.

ఈ గడువు ఉన్నది మోటారు వాహనాల చట్టంలో. అసలు మలుపు 1994. అంతకుముందు, 1988 చట్టం ప్రకారం గడువు ఆరు నెలలు. సరైన కారణం చూపితే ఏడాది దాకా ఆగేవారు. ఆ తర్వాత జడ్జికి జాలి కలిగినా చేసేదేమీ ఉండేది కాదు. 1994 నవంబర్ 14 నుంచి ఆ నిబంధననే ఎత్తేశారు. అప్పటికే కోర్టుల్లో నలుగుతున్న కేసులకూ ఇది వర్తిస్తుందని 1996లో ధన్నాలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆరు నెలలు ఎందుకు చాలవో నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఎవరినడిగినా చెప్తారు. పత్తి ఏరడానికి, మిరపకాయ తెంపడానికి కూలీలు ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి పోతుంటారు. 2018లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర అలాంటి ట్రాక్టరే ఏఎమ్మార్పీ కాలువలో పడి మహిళా కూలీలు చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లకు కాల్లో రాడ్డు వేస్తారు, నెలల తరబడి మంచమే. ఈలోగా బండి ఓనరు తరఫున పెద్దమనుషులు వచ్చి కేసెందుకు, ఖర్చులు ఆయనే చూసుకుంటాడంటారు. రెండు నెలలు చూసుకుంటాడు కూడా. తర్వాత ఫోన్ ఎత్తడు. అప్పుడు మొదలవుతుంది ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం తిరుగుడు.

2019 సవరణతో గడువు తిరిగొచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈసారి ఆలస్యాన్ని మన్నించే మాటే అందులో లేదు. ఏళ్ల తర్వాత దొంగ కేసులు వేస్తున్నారని, సంబంధం లేని బండిని ఇరికిస్తున్నారని బీమా కంపెనీలు అంటాయి. అలాంటివి లేవని కాదు. అయితే దొంగ కేసు వేసేవాడు తేదీలు లెక్కపెట్టుకునే వేస్తాడు.

పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక, పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 డిసెంబర్‌లో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ నివేదికనే పిటిషన్‌గా తీసుకునే వీలు చట్టంలో ఉంది. పుణెలో బండి గుద్దిన పాలమూరు కూలీ సొంత జిల్లా ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు కూడా. ఈ సంగతి కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీలు చెప్పరు.

2025 నవంబర్‌లో వచ్చింది మధ్యంతర ఆదేశమే. దానితో పిటిషన్లు కొట్టేయడం ఆగింది గానీ, ఆరు నెలల మాట చట్టంలోంచి పోలేదు.