కాగితం మళ్లీ అక్కడికే రావాలి

జేబులో 500 రూపాయల నోటు ఉంటే తీసి, గాంధీ బొమ్మ ఉన్న వైపు ఎడమ అంచు దగ్గర ఒకసారి చూడండి. అక్కడ 500 అంకె సగం గీసి వదిలేసినట్టు ముక్కలుముక్కలుగా ఉంటుంది. వెనక్కి తిప్పితే అటువైపు మిగతా ముక్కలు. నోటును వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే రెండు వైపుల ముక్కలూ కలిసిపోయి పూర్తి 500 కనపడుతుంది. రిజర్వ్ బ్యాంకు చెప్పే భద్రతా గుర్తుల్లో ఇదొకటి, దీని పేరు సీ త్రూ రిజిస్టర్. మామూలు ప్రింటర్‌లో ఒక కాగితానికి రెండు వైపులా ఏదైనా గీత కొట్టి, వెలుగుకి పట్టి, ఆ గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయో లేదో చూస్తే నోటు అచ్చువేసే వాళ్ల పని ఎంత కష్టమో అర్థమవుతుంది. ఎక్కడో ఒక మిల్లీమీటరు తేడా వచ్చే తీరుతుంది.

ప్రెస్సు వాళ్లు దీన్ని రిజిస్టర్ అంటారు. రంగు మీద రంగు, ముందు పేజీ వెనక వెనక పేజీ పడాల్సిన చోటే పడటం. ఇంకు, అక్షరాలు, ప్లేట్లు గురించి చాలామంది రాశారు గానీ, కాగితాన్ని ఎలా పట్టుకోవాలన్న దాని గురించి రాసింది తక్కువ. నాకైతే అచ్చు పనిలో అన్నిటికంటే అందమైన లెక్క అదే అనిపిస్తుంది.

బల్ల మీద ఒక కాగితం పెట్టండి. అది ఎన్ని రకాలుగా కదలగలదు? ముందుకీ వెనక్కీ జరగగలదు, పక్కలకి జరగగలదు, ఉన్నచోటే తిరగగలదు. అంతే, మూడే. కాబట్టి దాన్ని కచ్చితంగా ఒకే చోట నిలపడానికి మూడు ఆనికలు చాలు: పొడుగు అంచుకి రెండు, పక్క అంచుకి ఒకటి. పొడుగు అంచు రెండు చోట్ల ఆనితే ముందుకి పోలేదు, తిరగలేదు. పక్కన ఒకటి ఆనితే అటూ ఇటూ జరగలేదు. ఆఫ్‌సెట్ మెషిన్ (ప్లేటు మీది బొమ్మని ముందు రబ్బరు మీదికి, అక్కడి నుంచి కాగితం మీదికి దించేది) మీద ఆ రెండిటినీ ఫ్రంట్ లే అని, పక్కదాన్ని సైడ్ లే అని పిలుస్తారు.

మరి నాలుగో ఆనిక కూడా పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అనిపిస్తుంది. ఉండదు. పొయ్యికి మూడు రాళ్లే ఎందుకు పెడతారో గుర్తు చేసుకోండి, మూడు రాళ్ల మీద కుండ ఏ నేల మీదైనా కదలకుండా కూర్చుంటుంది, నాలుగు రాళ్లు పెడితే ఏదో ఒక రాయి తక్కువై ఊగుతుంది. కాగితం అంచు కంటికి తిన్నగా కనిపించినా నిజంగా గీత గీసినట్టు ఉండదు, కటింగ్ మిషన్ కత్తి కొంచెం వంపు తెస్తుంది. అలాంటి అంచుకి ముందు మూడు ఆనికలు పెడితే ఒక షీటు మొదటి రెండిటికీ ఆనుతుంది, తర్వాతి షీటు చివరి రెండిటికీ ఆనుతుంది, ప్రతి షీటూ ఇంత చొప్పున తిరిగి పడుతుంది. ముందు లేలు రెండుకి మించి ఉన్న మెషిన్ మీద కూడా షీట్ సైజుని బట్టి రెండిటినే ఆధారంగా పెట్టుకుని మిగతావాటిని వెంట్రుకవాసి వెనక్కి జరిపి ఉంచడం అందుకే.

ఆ రెండిటి మధ్య దూరం కూడా ముఖ్యమే. 90 సెంటీమీటర్ల షీటు ఉందనుకోండి. ముందు ఆనికలు రెండూ 10 సెంటీమీటర్ల దూరంలో ఉండి, ఒకదాని దగ్గర 0.1 మి.మీ. తేడా వస్తే, షీటు ఒక కొస నుంచి ఇంకో కొసకి ఆ తేడా 0.9 మి.మీ. అవుతుంది. అవే ఆనికలు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అదే పొరపాటు 0.15 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. మామూలు నాలుగు రంగుల ఫొటోలో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం దాదాపు 0.17 మి.మీ. కాబట్టి ఇక్కడ పదో వంతు మిల్లీమీటర్ అంటే చిన్న కొలతేం కాదు, ఒక రంగు చుక్క పక్క చుక్క వైపు సగం దారి నడిచేసినట్టే.

చిన్నప్పుడు మా ఊళ్లో ఒక ట్రెడిల్ ప్రెస్సు ఉండేది, సెలవుల్లో అక్కడే కూర్చునేవాణ్ణి. మిషన్ తొక్కే ఆయన కుడిచేత్తో కార్డు పెట్టి ఎడంచేత్తో అచ్చయినది తీసేవాడు, ఆ రెండిటి మధ్యా మిషన్ నోరు మూసుకుని తెరుచుకునేది. కార్డు ఆనడానికి ప్యాకింగ్ కాగితం మీద కింద రెండు, పక్కన ఒకటి చిన్న పిన్నులు గుచ్చి ఉండేవి. అప్పుడు నాకు ఆ మూడు పిన్నుల సంగతి తెలియదు. ఒక పెళ్లి కార్డు రెండు రంగుల పని నడుస్తోంది, ఎర్ర అక్షరాలు ముందు రోజు పడ్డాయి, ఆకుపచ్చ బోర్డరు ఆ రోజు వేయాలి. సాయం చేద్దామని ఒక కట్ట కార్డుల్ని నీట్‌గా సర్ది అందించాను. ఆ కట్టలో ప్రతి కార్డు మీదా బోర్డరు ఒక పక్కకి లాగినట్టు పడింది. ఆయన మిషన్ ఆపి, కట్ట పక్క నుంచి పెన్సిల్‌తో గీసి ఉన్న గీత చూపించాడు. "ఈ గీత ఎటుందో అటే ఉండాలి బాబూ. నిన్న ఏ మూల ఆనిందో ఇవాళా ఆ మూలే ఆనాలి." నేను సర్దుతూ కట్టని చుట్టూ తిప్పేశాను.

చేతి కటింగ్‌లో కార్డులన్నీ ఒకే కొలతకి రావు, ఒకటి అర మిల్లీమీటరు పొడుగుంటే ఇంకొకటి పొట్టిగా ఉంటుంది. రెండు రంగులకీ అదే మూల ఆనిస్తే ఆ తేడా అంతా అవతలి అంచుకి పోతుంది, అక్కడ ఉత్త మార్జినే గనక ఎవరికీ కనపడదు. మూల మారిస్తే ఆ తేడా నేరుగా బొమ్మలోకి వచ్చేస్తుంది. పుస్తకాల పనిలో ఫారం (ఒకే షీటు మీద పడే పేజీలన్నీ) వెనక వైపు కొట్టేటప్పుడు షీటుని పక్కకి తిప్పుతారు, ముందు అంచు అలాగే ఉంటుంది, పక్క ఆనికని, అంటే సైడ్ లేను మాత్రం మిషన్ మీద రెండో పక్కకి మారుస్తారు. చూడ్డానికి మార్పు, నిజానికి కాగితం అంచు మారకుండా ఉండటం కోసమే ఆ మార్పు. కాగితం తలకిందులైతే ఏమవుతుందో మన దేశపు స్టాంపే చూపించింది. 1854లో కలకత్తా సర్వేయర్ జనరల్ ఆఫీసులో నాలుగణాల స్టాంపు రెండు రంగుల్లో అచ్చువేశారు, ఎర్ర చట్రంలో నీలం రంగు విక్టోరియా రాణి తల. రెండు రంగులూ ఒకే వైపు నుంచి పడని కొన్నిటి మీద రాణి తల తలకిందులైంది, స్టాంపులు సేకరించేవాళ్లకి అవి ఇప్పుడు ఎంతో అపురూపం.

ఈ లెక్కని జపాన్ చెక్క అచ్చు పనివాళ్లు ఎంత తేలిగ్గా పట్టేశారో చూస్తే ముచ్చటేస్తుంది. 1765 ప్రాంతంలో సుజుకీ హరునోబు అనే చిత్రకారుడు పూర్తి రంగుల బొమ్మలు తెచ్చినప్పుడు ఒక్కో రంగుకి ఒక్కో చెక్క కావాల్సి వచ్చింది. ప్రతి చెక్క మీదా బొమ్మతో పాటే రెండు గుర్తులు చెక్కేవారు, వాటిని కెంతో అంటారు. ఒకటి మూల ఆకారంలో ఉంటుంది, కాగితం మూల అందులో కూర్చుంటుంది. రెండోది పొడుగు అంచు వెంబడి కొంచెం దూరంలో ఉండే చిన్న గీతగాడి. మూల గుర్తు రెండు అంచుల్నీ తలా ఒక చోట ఆపుతుంది, గాడి మూడో చోట ఆపుతుంది. మళ్లీ మూడే! గుర్తులు చెక్క మీదే ఉంటాయి కాబట్టి బొమ్మకీ ఆనికకీ మధ్య దూరం మారే ప్రశ్నే లేదు.

ఐరోపాలో చేతి ప్రెస్సుల మీద సూదులు వాడారు. గూటెన్‌బర్గ్ బైబిల్ కాగితాల మీద ఆ సూది రంధ్రాలు ఇప్పటికీ కనపడతాయి. మొదటి వైపు కొట్టేటప్పుడు పడ్డ రంధ్రాల్లోకే రెండో వైపుకీ సూదుల్ని దింపితే వెనక పేజీ ముందు పేజీ వెనక్కే వస్తుంది. రాతి అచ్చులోనూ చేత్తో పని చేసేటప్పుడు కాగితానికి రెండు సూదులు గుచ్చి, వాటిని రాయి మీద చేసి ఉంచిన సన్న గుంటల్లోకి దించి, కాగితాన్ని నెమ్మదిగా వాల్చేవారు. మన ఇళ్లల్లోకి వచ్చిన లక్ష్మీదేవి, సరస్వతి పటాలు గుర్తున్నాయా? రాజా రవివర్మ 1894లో బొంబాయి ఘాట్‌కోపర్‌లో పెట్టిన ప్రెస్సులో ఆ పటాలు రాతి అచ్చులోనే పడ్డాయి, ఒక్కో రంగుకి ఒక్కో రాయి, అంటే ఒకే కాగితం ఎన్నోసార్లు రాయి మీదికి వెళ్లి రావాలి. ప్రతిసారీ అక్కడికే. కొంచెం తప్పినా దేవత పెదవి మీది ఎరుపు చెంప మీదికి జారుతుంది. పాత పటం ఎక్కడైనా దొరికితే అంచుల దగ్గర రంగులు ఎంత బాగా కలిశాయో ఒక్క నిమిషం చూడండి, ఆ చేతుల మీద గౌరవం కలుగుతుంది.

రెండు సూదుల్లోనూ అదే లెక్క ఉంది. ఒక రంధ్రం కాగితాన్ని రెండు దిక్కులా ఆపుతుంది, రెండోది తిరగకుండా ఆపితే చాలు. అందుకే ఇప్పటి ప్లేట్లకి పంచ్ కొట్టేటప్పుడు ఒక రంధ్రం గుండ్రంగా, ఇంకోటి కోలగా కొడతారు. రెండూ గుండ్రంగా బిగువుగా ఉంటే, మధ్య దూరం పిసరంత తేడా వచ్చినా ప్లేటు ఉబ్బుతుంది.

ఇప్పుడు ఇదంతా వేగంగా జరగాలి. గంటకి 15,000 షీట్లు కొట్టే ఆఫ్‌సెట్ మెషిన్‌లో ఒక్కో షీటుకి దొరికేది 0.24 సెకను. అందులోనే ఫీడర్ గాలితో షీటుని కట్ట నుంచి విడదీయాలి, ముందే బయల్దేరిన షీటు వచ్చి ఫ్రంట్ లే దగ్గర ఆగాలి, సైడ్ లే దాన్ని కొన్ని మిల్లీమీటర్లు పక్కకి లాగి ఆనించాలి, అప్పుడు ఆగి ఉన్న షీటుని స్వింగ్ గ్రిప్పర్ అనే ఊగే పట్టు పట్టుకుని సిలిండర్ వేగానికి తీసుకెళ్లి దాని గ్రిప్పర్లకి అప్పగించాలి. షీటు మరీ వేగంగా వచ్చి ఫ్రంట్ లేకి కొట్టుకుంటే బంతిలా వెనక్కి ఎగురుతుంది, అందుకని చివర్లో దాన్ని నెమ్మదింపజేస్తారు. ఎంత పెద్ద మెషినైనా అక్కడ ఒక్క రెప్పపాటు కాగితం నిశ్చలంగా ఉండాల్సిందే. (ఫీడింగ్ తప్పిన ఒక షీటే ఆఫ్‌సెట్‌కి దారి చూపిందని చెబుతారు. అమెరికాలో ఐరా రూబెల్ రాతి అచ్చు మెషిన్‌లో ఒక షీటు రాకపోతే అచ్చు రబ్బరు మీద పడి, తర్వాతి షీటు వెనక్కి అక్కడి నుంచి అంటింది, అది రాయి నుంచి నేరుగా పడ్డ దానికంటే స్పష్టంగా ఉందట.)

నాలుగు రంగుల మెషిన్‌లో ఒకసారి గ్రిప్పర్‌కి చిక్కిన షీటుని నాలుగో రంగు పడేదాకా ఎవరూ పూర్తిగా వదలరు. రెండో సిలిండర్ గ్రిప్పర్లు పట్టుకున్నాకే మొదటివి తెరుచుకుంటాయి, ఒక లిప్త పాటు రెండూ పట్టుకునే ఉంటాయి. సింగిల్ కలర్ మెషిన్ మీద నాలుగుసార్లు తోలిన పని కంటే ఇది నిలకడగా ఉండటానికి సగం కారణం ఇదే. అసలు వదలకపోతే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. 500 నోటు రహస్యం కూడా అక్కడే ఉంది. నోట్ల నేపథ్యపు ఆఫ్‌సెట్ డిజైన్ కోసం వాడే ప్రత్యేక మెషిన్లలో రెండు రబ్బరు సిలిండర్లు ఎదురెదురుగా ఉండి, మధ్య నుంచి వెళ్లే కాగితానికి రెండు వైపులా ఒకేసారి కొడతాయి. ఒకేసారి కొట్టే ఈ ఉపాయం పాతదే. 1457లోనే జర్మనీలోని మైంజ్ నగరంలో ఫుస్ట్, షోఫర్ అచ్చువేసిన కీర్తనల గ్రంథంలో పెద్ద అక్షరాలు ఎరుపు నీలం రెండు రంగుల్లో తేడా లేకుండా కలిసి ఉంటాయి. ఆ లోహపు అక్షరాన్ని విడదీసి, ముక్కలకి వేరువేరుగా ఇంకు పూసి, మళ్లీ జోడించి ఒక్కసారే నొక్కారని నిపుణులు భావిస్తారు.

ఇక మిగతా సగం కారణం కాగితంలోనే ఉంది. ఇంతసేపూ మారని వస్తువన్నట్టు మాట్లాడాను గానీ, కాగితం మారుతుంది. అది చెట్టు నారతో చేసింది, నార తేమ పీలిస్తే లావెక్కుతుంది, పొడుగు మాత్రం పెద్దగా పెరగదు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నారలు ఎక్కువగా ఒకే దిక్కుకి పడుకుంటాయి. న్యూస్ పేపర్‌ని ఒకవైపు నుంచి చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకరపోతుంది, తిన్నగా వచ్చిన దిక్కే నార దిక్కు. తేమ తగిలితే షీటు నారకి అడ్డంగా బాగా పెరుగుతుంది, నార వెంబడి కొంచెమే. 900 మి.మీ. షీటు వెయ్యో వంతు పెరిగినా 0.9 మి.మీ. అయింది. ముందు చెప్పిన చుక్కల కొలతతో పోల్చితే ఐదు చుక్కలు దాటిపోయింది. మూడు ఆనికలూ ఎంత సరిగ్గా ఉన్నా ఈ తేడాని ఆపలేవు, ఎందుకంటే కాగితం అక్కడికే వచ్చింది, కానీ అదే కాగితం కాదు.

వానాకాలంలో రీము విప్పి వదిలేస్తే అంచులు తేమ పీల్చి అలలు తేలడం, వేసవిలో అంచులు ఎండి బిగుసుకుపోవడం ప్రెస్సుల్లో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఎర్ర రంగు సాయంత్రం కొట్టి, నలుపు తెల్లారి కొడదాం అనుకునే సింగిల్ కలర్ పనిలో ఆ రాత్రి వాన పడితే టెన్షనే. పైగా ఆఫ్‌సెట్‌లో ప్లేటుకి నీళ్లు పెడతారు, ప్రతి రంగుతో పాటు కాగితం కొంత తడి కూడా తీసుకుంటుంది. అందుకే మంచి ప్రెస్సులు పని మొదలయ్యేదాకా ప్యాకింగ్ విప్పవు, కాగితాన్ని మెషిన్ గది వాతావరణానికి అలవాటు పడనిస్తాయి. రంగుల పనికి షీటులో నార దిక్కు సిలిండర్ పొడుగు వెంబడి ఉండేట్టు కాగితం ఎంచుతాయి. అప్పుడు పెరుగుదల సిలిండర్ చుట్టూ తిరిగే దిక్కున వస్తుంది. ఆ దిక్కున అయితే ప్లేటు కింద, బ్లాంకెట్ అనే రబ్బరు పొర కింద ప్యాకింగ్ షీట్లు మార్చి బొమ్మ పొడుగుని కొంచెం సర్దుకోవచ్చు. అడ్డంగా పెరిగితే అలా సర్దే దారి లేదు.

న్యూస్ పేపర్ అచ్చయ్యే రీలు మెషిన్‌లో అసలు ఆనికలే ఉండవు. రీలు నుంచి కాగితం ఆగకుండా పరుగెడుతుంది, దానికి ముందు అంచే లేదు. అక్కడ కాగితాన్ని చోటులో నిలిపేది బిగువు. రీలు దగ్గర ఊగే రోలరు ఒకటి ఉంటుంది, కాగితం వదులైతే అది జరుగుతుంది, దాన్ని బట్టి రీలుకి బ్రేకు ఎక్కువ తక్కువలవుతుంది. ఒక రంగు నుంచి ఇంకో రంగుకి వెళ్లేలోపు తడికి కాగితం వెడల్పు పెరుగుతుంది కాబట్టి కొన్ని మెషిన్లలో చిన్న చక్రాలు దాన్ని అక్కడక్కడ నొక్కి, సన్నని అలలు తెప్పించి వెడల్పు తగ్గిస్తాయి. అంతా అయ్యాక కూడా తేడా వస్తుంది, ఫొటోలో ముఖం పక్కన ఎర్ర నీడలా కనపడేది అదే. రేపు పొద్దున పేపర్ తీసుకున్నాక మార్జిన్‌లో నీలం, ఎరుపు, పసుపు, నలుపు చిన్న చుక్కలో ప్లస్ గుర్తులో ఉన్నాయేమో చూడండి. కొన్ని ప్రెస్సుల్లో కెమెరా వాటిని చదివి ఏ రంగు సిలిండర్ ఎటు జరగాలో చెబుతుంది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఒక మనిషి పరుగెడుతున్న మెషిన్ నుంచి కాపీ తీసి, భూతద్దం పెట్టి ఆ గుర్తుల్నే చూసి, బటన్ నొక్కి ఒక సిలిండర్‌ని పిసరంత ముందుకి తిప్పుతాడు.