వంద ఎంబీపీఎస్ ఉన్నా తూటా ఎందుకు ఆలస్యమవుతుంది?

ఎంవీపీ కాలనీలో ఒకరు, గాజువాకలో మరొకరు కూర్చుని ఆన్‌లైన్‌లో ఒకే ఆట ఆడుతున్నారనుకుందాం. ఇద్దరూ విశాఖలోనే ఉన్నా, ఒకరు తుపాకీ పేల్చిన సంగతి రెండోవారి తెర మీదికి రావాలంటే ఆ సమాచారం ముందు ఆట సర్వర్, అంటే ఆటను నడిపే కంప్యూటర్, ఉన్న ఊరికి వెళ్లాలి. ఆ ఊరు ముంబయి అయితే, అక్కడ లెక్క తేలాకే అది తిరిగి విశాఖ దారి పడుతుంది. మన పరికరం నుంచి సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని ఆడేవాళ్లు పింగ్ అంటారు, దాన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యోవంతుల్లో కొలుస్తారు. అది పెరిగినా, నిలకడ లేకుండా ఊగిసలాడినా, పరుగెత్తుతున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోవడం, ఆగినవాడు రెండడుగులు వెనక్కి జరగడం, గోడ చాటుకు చేరాక చచ్చిపోవడం వంటి వింతలన్నీ మొదలవుతాయి. అప్పుడు నెట్ ఇచ్చేవాళ్లకు ఫోన్ చేస్తే తరచుగా వినిపించే మాట, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమని. వ్యాపారానికి అది మంచి సలహానే గానీ, జబ్బు చాలాసార్లు అక్కడ ఉండదు.

ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అనే అంకె సెకనుకు ఎంత సమాచారం పడుతుందో చెబుతుందే తప్ప, ఒక్కో ముక్క ఎంతసేపట్లో చేరుతుందో చెప్పదు. సినిమా చూడటానికి మొదటిది కావాలి, ఎందుకంటే ముందుగానే కొంత దింపి పెట్టుకునే వీలుంది. ఆటలో అలా కుదరదు, ఎదుటివాడు తర్వాతి క్షణంలో ఏం చేస్తాడో ముందుగా దింపుకోలేము కదా. ఆటలు పంపే ప్యాకెట్లు, అంటే సమాచారపు ముక్కలు, చాలా చిన్నవి, సాధారణంగా వాటికి సెకనుకు ఒక మెగాబిట్ కూడా అక్కర్లేదు. వాటికి కావలసిందల్లా ప్రతి ప్యాకెట్టూ త్వరగా, ఇంచుమించు ఒకే వ్యవధిలో చేరడం.

ఈ విషయంలో ప్రకృతి పెట్టిన హద్దు ఒకటుంది. శూన్యంలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి, ఫైబర్‌లోని గాజులో సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. విశాఖ నుంచి ముంబయికి గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 1,100 కిలోమీటర్లు కాబట్టి, వెళ్లడానికి 5.5 మిల్లీసెకన్లు, రావడానికి మరో 5.5, మొత్తం 11. ఎంత డబ్బు పెట్టినా ఆ తీగలో దీనికంటే తక్కువకు రాదు. పైగా ఫైబర్ గీత గీసినట్టు పోదు, రోడ్ల వెంట, రైలు మార్గాల వెంట, ఊరూరా మలుపులు తిరుగుతూ పోతుంది. దారిలో ఒక్కో రూటర్ దగ్గర ప్యాకెట్‌ను అందుకుని, చిరునామా చూసి, ముందుకు తోయాలి. తెర మీద పింగ్ 30, 40 అని కనిపిస్తే అందులో పెద్ద భాగం ఈ చుట్టుదారులదీ మజిలీలదే. ఎక్కడో ఫైబర్ తెగితే రాకపోకలు ఇంకా దూరపు దారి పడతాయి. తీగలు స్తంభాల మీదుగా వేలాడే మన వీధుల్లో, ముఖ్యంగా తుఫాను రోజుల్లో, ఇది అరుదైన సంగతేమీ కాదు.

దూరం వల్ల కలిగే ఆలస్యం మాత్రం స్థిరంగా ఉంటుంది, స్థిరమైన 40కి చేతులు అలవాటు పడతాయి. ఆటను పాడుచేసేది 40 కాస్తా 300 అయి, మళ్లీ 50కి దిగి, మళ్లీ 200కు ఎగబాకే తీరు. దీన్ని జిట్టర్ అంటారు. దీనికి కారణం చాలాసార్లు ముంబయి దారిలో కాదు, మన ఇంట్లో టీవీ పక్కన దీపాలు మిణుకుమంటున్న చిన్న పెట్టెలో ఉంటుంది.

ఆ పెట్టె, అంటే వైఫై రూటర్, బయటికి పోవలసిన ప్యాకెట్లు ఒక్కసారిగా వచ్చి పడితే వాటిని పారేయకుండా తన మెమరీలో దాచి, వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కటిగా పంపుతుంది. ఇంట్లో ఎవరో పెళ్లి వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నారనుకోండి. ఆ వీడియో ప్యాకెట్లతో వరుస నిండిపోతే, ఆట తాలూకు చిట్టి ప్యాకెట్ దాని చివర చేరుతుంది. కాన్వెంట్ జంక్షన్‌లో పోర్టు లారీల బారు వెనక చిక్కుకున్న ఆటో పరిస్థితే దానిదీ. లెక్క కట్టడం తేలిక: వరుసలో ఒక మెగాబైటు, అంటే 8 మెగాబిట్లు పేరుకుని ఉండి, అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే, వరుస కదిలి మన వంతు రావడానికి 0.8 సెకను, అంటే 800 మిల్లీసెకన్లు పడుతుంది. ముంబయి వెళ్లి రావడానికి పట్టే 11 ఎక్కడ, గడప దాటడానికి పట్టే ఈ 800 ఎక్కడ! వేగం 100 ఎంబీపీఎస్ చేసుకుంటే అదే వరుస 80 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది కాబట్టి పెద్ద ప్లాన్ వల్ల ఉపశమనం లేదని చెప్పలేము. కానీ ఆ వేగాన్ని కూడా నింపేసే అప్‌లోడ్ ఒకటి మొదలైతే కథ మళ్లీ మొదటికే వస్తుంది.

మెమరీ చవకయ్యేకొద్దీ, ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదన్న ఉద్దేశంతో తయారీదారులు ప్యాకెట్లు దాచే ఈ చోటును, అంటే బఫర్‌ను, పెంచుకుంటూ పోయారు. సుమారు 2010లో జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజనీరు తన ఇంటి నెట్ ఎందుకు మొరాయిస్తోందో తవ్వుతూ పోయి ఈ గుట్టు బయటపెట్టారు, దానికి బఫర్‌బ్లోట్ అన్న పేరు స్థిరపడింది. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు. వరుస ఎంత పొడుగుందని కాక, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందని చూసి, నిరీక్షణ అదే పనిగా హద్దు మీరుతుంటే కొన్నింటిని కావాలనే పారేయడం దాని కిటుకు. పారేయడం చూసి పంపేవాడు వేగం తగ్గించుకుంటాడు, వరుస పలచబడుతుంది. ఒక్కో ప్రవాహానికీ విడి వరుస పెట్టి చిన్నవాటికి ముందు దారి ఇచ్చే రకం కూడా తర్వాత వచ్చింది. ఇంత తేలికైన మందు ఉచితంగా దొరుకుతున్నా, నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే చవక రూటర్లలో చాలావాటిలో అది ఉండకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడానికి ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో సొంత రూటర్ చిరునామాకు (చాలా ఇళ్లలో అది 192.168.1.1), ఇంకోదాంట్లో 8.8.8.8 వంటి బయటి చిరునామాకు పింగ్ అనే కమాండ్‌ను ఆగకుండా నడపాలి. మొదటి విండోలో 2, 3, 2, 95, 4, 140 అని అంకెలు ఎగిరి పడుతుంటే దోషం వైఫైది. మొదటిది నిలకడగా ఉండి, ఎవరైనా పెద్ద ఫైలు ఎక్కించడం మొదలుపెట్టగానే రెండోది 35 నుంచి వందల్లోకి పోతే దోషం వరుసది. రూటర్ వరకూ అంతా బాగుండి, ఇంట్లో ఎవరూ ఏమీ ఎక్కించకుండానే రాత్రి తొమ్మిది నుంచి పదకొండు వరకూ రెండోది పెరుగుతుంటే, అప్పుడు నెట్ ఇచ్చేవాళ్లను నిలదీయవచ్చు. వీధిలోకి వచ్చిన ఒక్క ఫైబర్‌ను 32 లేదా 64 ఇళ్లకు చీల్చి ఇచ్చే జీపాన్ పద్ధతిలో, డౌన్‌లోడ్‌కు సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్‌కు 1.25 గిగాబిట్లు అన్ని ఇళ్లకూ ఉమ్మడి సొత్తు. ఆ పైన ఆపరేటర్ కొనుక్కున్న సామర్థ్యం ఇంకా ఇరుకైతే రద్దీ వేళ తప్పక తెలుస్తుంది.

వైఫై దోషం అపార్ట్‌మెంట్లలోనే ఎక్కువ. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. ఒకే చానల్‌లో ఒకరు మాట్లాడుతుండగా మిగతావాళ్లు ఆగాలి, మాటలు ఢీకొంటే మళ్లీ పంపాలి, ఇక మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ తరంగాల దగ్గర్లోనే. 5 గిగాహెర్ట్జ్ విశాలమైనది గానీ గోడలు దాటడంలో బలహీనం. ల్యాన్ కేబుల్ గుచ్చితే ఈ రభసంతా ఒక్క దెబ్బతో పోతుంది.

ఇంత చేసినా మిగిలే ఆలస్యాన్ని దాచడం ఆట రాసేవాళ్ల పని. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ తెప్పించుకునే టీసీపీ పద్ధతిలో వెనకవన్నీ దానికోసం ఆగవలసి వస్తుంది కనుక, వేగం ప్రధానమైన ఆటలు ఎక్కువగా యూడీపీని వాడతాయి, పోయింది పోయిందనుకుని కొత్తదాన్ని చూస్తాయి. 1996 చివర్లో వచ్చిన క్వేక్‌వరల్డ్ అనే కాల్పుల ఆటలో, దాన్ని రాసిన జాన్ కార్మాక్ మరో ఉపాయం వాడారు: మన మీట నొక్కగానే సర్వర్ అనుమతి కోసం ఆగకుండా మన బొమ్మను మన తెర మీద కదిపేయడం, తర్వాత సర్వర్ కాదంటే సవరించడం. మనిషి ఉన్నట్టుండి వెనక్కి జరగడం ఆ సవరింపే.

గోడ చాటు చావు ఇంకా చిత్రమైనది. విశాఖలో ఉన్నవాడి పింగ్ 80, ముంబయిలో ఉన్నవాడిది 20 అనుకుందాం. ముంబయివాడు పరుగెత్తిన చోటు సర్వర్‌కు 10 మిల్లీసెకన్లలో, అక్కడి నుంచి విశాఖ తెరకు మరో 40లో చేరుతుంది. బొమ్మ కుదుపుల్లేకుండా కదలడానికి ఆట ఇంకో 30 ఆపి చూపిస్తుంది. విశాఖవాడు అప్పుడు గురిచూసి కాల్చిన సంగతి సర్వర్‌కు చేరడానికి 40, చావు కబురు ముంబయివాడికి చేరడానికి 10. మొత్తం 130 మిల్లీసెకన్లు. సెకనుకు 5 మీటర్లు పరుగెత్తేవాడు ఈలోగా 65 సెంటీమీటర్లు దాటి గోడ చాటుకు పోయి ఉంటాడు. అయినా సర్వర్, కాల్చినవాడికి ఆ క్షణాన ఏం కనబడిందో అక్కడికి కాలాన్ని వెనక్కి తిప్పి చూసి, తగిలిందనే తీర్పు చెబుతుంది. ఆటలు తయారుచేసే వాల్వ్ సంస్థలో ఇంజనీరుగా ఉన్న యాన్ బెర్నియర్ 2001లో ఈ పద్ధతిని వివరిస్తూ పత్రం రాశారు. చచ్చినవాడికి ఇది అన్యాయంగా కనిపిస్తుంది, కానీ ఇది లేకపోతే గురి తప్పనివాడు కూడా బొమ్మకు మూరెడు ముందు, గాలిలోకి కాల్చడం నేర్చుకోవాలి. నన్నడిగితే మొదటి అన్యాయమే నయం. అయితే పింగ్ 300 ఉన్నవాడికీ అంత వెనక్కి తిప్పి న్యాయం చేయనక్కర్లేదు. అందుకే ఈ తిప్పడానికి ఒక హద్దు పెట్టే ఆటలు ఉన్నాయి.

విశాఖకు భారీ డేటా సెంటర్ వస్తుందని, సముద్రగర్భ కేబుళ్లు నేరుగా ఇక్కడి తీరానికే చేరతాయని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించాక, ఇక పింగ్ పదిలోపుకు పడిపోతుందని కుర్రకారు ఆశపడటం సహజమే. సింగపూర్ సర్వర్ల లెక్క చూద్దాం: చెన్నై మీదుగా గీత గీసినట్టు 3,500 కిలోమీటర్లు, రానూపోనూ కాంతికి 35 మిల్లీసెకన్లు, విశాఖ నుంచి నేరుగా 2,900, అంటే 29. మిగిలేది ఆరు. ఆట సర్వర్ ముంబయిలోనే ఉంటే అదీ మిగలదు. గూగుల్ డేటా సెంటర్ కట్టినంత మాత్రాన ఆట కంపెనీ తన సర్వర్‌ను అందులో పెట్టాలనేమీ లేదు, ఎక్కువమంది ఆటగాళ్లకు దగ్గరగా ఉండే చోటునే అది ఎంచుకుంటుంది.