టైరు మీద మిల్లీమీటర్లూ అంగుళాలూ కలిసి ఎందుకున్నాయి?

చిన్న కారుకి టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఏ బ్రాండ్ మంచిదని. నన్నడిగితే ముందు చూడాల్సింది టైరు పక్కన అచ్చొత్తి ఉండే వరస. ఉదాహరణకి 175/65 ఆర్14 82టి. ఇందులో 175 మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అంటే టైరు పక్క భాగం ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, 14 రిమ్ము సైజు అంగుళాల్లో, 82 టైరు మోసే బరువుల పట్టికలో వరస నంబరు, చివరి అక్షరం వేగానిది. ఇన్ని రకాల కొలతల్ని ఒకే చోట ఎవరైనా కావాలని పెడతారా? ఎవరూ పెట్టలేదు, ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో వచ్చి చేరింది.

గాలి టైరుకి 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంట్ తీసుకున్నాడు కానీ అప్పటికి దాని అవసరం ఎవరికీ లేకపోయింది. 1887-88లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం మళ్లీ కనిపెట్టాడు, ఈసారి సైకిళ్ల మోజు ఉంది కాబట్టి నిలబడింది. ఫ్రాన్స్‌లో టైర్ల కంపెనీ పెట్టిన మిషెలిన్ సోదరులు 1895లో పారిస్-బోర్డో-పారిస్ రేసులో కారుకి గాలి టైర్లు తొడిగి పరిగెత్తించారు.

అసలు మలుపు ఆ 'ఆర్' అక్షరం, అంటే రేడియల్. అంతకుముందు టైరు లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి వెళ్లేవి (క్రాస్ ప్లై అంటారు), టైరు దొర్లుతున్నంతసేపూ ఆ పొరలు ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కేవి, పైగా పక్క భాగం వంగితే రోడ్డుకి ఆనే భాగం కూడా దాంతో పాటే మెలితిరిగేది. మిషెలిన్ 1946లో పేటెంట్ తీసుకుని 1949లో అమ్మకానికి తెచ్చిన టైర్లో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నిటారుగా వెళ్తాయి, రోడ్డుకి ఆనే భాగం కింద స్టీలు పట్టీ ఉంటుంది. పక్క భాగం తన పాటికి తను వంగుతుంది, కింద భాగం రోడ్డుని పట్టుకునే ఉంటుంది. ఎక్కువ కాలం మన్నింది, పెట్రోలు తక్కువ తాగింది. అయినా అమెరికాలో అది బాగా పాకింది 1970ల్లోనే, ఎందుకంటే అక్కడి కార్ల సస్పెన్షన్లు పాత టైర్లకి తగ్గట్టు చేసినవి, ఫ్యాక్టరీల్లో యంత్రాలన్నీ మార్చాలి, మరి లాభాలొస్తున్న కంపెనీ ఊరికే ఎందుకు మారుస్తుంది?

మొదటి రేడియళ్లలో పక్క భాగం ఎత్తు దాదాపు వెడల్పులో 80 శాతం ఉండేది, అందుకే శాతం రాసేవాళ్లే కాదు, 155 ఆర్13 అని ఊరుకునేవారు. తర్వాత టైర్లు పొట్టివి అవుతూ వచ్చాక ఆ అంకె రాయక తప్పలేదు. రిమ్ముని కూడా మిల్లీమీటర్లలోకి మార్చేద్దామని మిషెలిన్ 1970ల మధ్యలో టీఆర్ఎక్స్ అనే టైరు తెచ్చింది, 390 మిల్లీమీటర్లు లాంటి సైజుల్లో. మామూలు టైరు ఆ రిమ్ముకి పట్టదు, ఆ టైరు మామూలు రిమ్ముకి పట్టదు. అది కొన్నవాళ్లు తర్వాత టైరు మార్చడానికి పడ్డ తిప్పలు అంతా ఇంతా కాదు. అంగుళం అలాగే మిగిలిపోయింది.

చిన్న కార్ల సంగతికొస్తే, 1959లో వచ్చిన మినీ కారు 10 అంగుళాల చక్రాల మీద నడిచింది, లోపల మనుషులకి చోటు మిగలాలని చక్రాలనే కుదించారు. ఇప్పుడు నడుస్తున్నది దానికి పూర్తిగా ఉల్టా, లుక్కు కోసం పెద్ద రిమ్ములు. పెంచకూడదని కాదు, లెక్క చూసుకోవాలి. 175/65 ఆర్14 మొత్తం ఎత్తు సుమారు 583 మిల్లీమీటర్లు, 185/55 ఆర్15ది 584.5, అంటే తేడా లేనట్టే. అదే 185/60 ఆర్15 వేస్తే 603 అవుతుంది, మీటరు 100 చూపించినప్పుడు అసలు వేగం పాత టైర్లతో ఉన్నదానికంటే మూడు శాతం పైనే ఎక్కువ. ఎత్తు సరిపోయినా సైడ్‌వాల్ (పక్క భాగం) పొట్టిదైతే గుంతల దెబ్బ రిమ్ముకి తగులుతుంది. చిన్న కారుకి తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్న సైజే చాలని నా అభిప్రాయం, కుర్రాళ్లు ఒప్పుకోరనుకోండి.

82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుందని, ఇది కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. టి అంటే గంటకి 190 కిలోమీటర్లు. హెచ్ మాత్రం వరస తప్పి యూ తర్వాత వస్తుంది, 210కి. మొదట్లో ఎస్, హెచ్, వీ అని మూడే తరగతులుండేవి, మధ్యలో టి, యూ తర్వాత ఇరికించారు.

రబ్బరు కథ వేరే. తొలి టైర్లు తెల్లగా ఉండేవి, మిషెలిన్ ప్రకటనల్లో కనిపించే టైర్ల బొమ్మ మనిషి తెల్లగా ఉండటం అందుకే. కార్బన్ బ్లాక్ (మసి లాంటి నల్ల పొడి) కలిపాక టైరు నల్లబడింది, అరుగుదల బాగా తగ్గింది. కానీ తేలిగ్గా దొర్లే టైరు చేస్తే తడి రోడ్డు మీద పట్టు పోయేది, పట్టు పెంచితే మైలేజీ పోయేది. 1992లో మిషెలిన్ కార్బన్ బ్లాక్ చాలావరకు తగ్గించి సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కలిపిన టైరు తెచ్చి ఈ పేచీని కొంత తీర్చింది. యూరప్‌లో 2012 నవంబరు నుంచి టైరుకి అతికించే లేబుల్ మీద ఇంధనం, తడి పట్టు, శబ్దం విడివిడిగా చూపించడం మొదలైంది. లేబుల్ ఉంటే నేను మొదట చూసేది తడి పట్టే, పెట్రోలు ఆదా తర్వాత.

ఇక తయారీ తేదీ, ఇదీ టైరు పక్కనే నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. 2000కి ముందు మూడంకెలే ఉండేవి, 238 అని ఉంటే అది 1988దో 1998దో అంకెల్ని బట్టి తేలేది కాదు. ఇప్పుడా బాధ లేదు, కాకపోతే ఆ నాలుగంకెలు చాలా టైర్లకి ఒక వైపే ఉంటాయి, ఆ వైపు లోపలికి పోయేలా బిగించేశారంటే కారు కిందకి దూరాల్సిందే, కాబట్టి టైరు ఇంకా కారుకి బిగించకముందే చూసుకోండి.