సీతాకోకచిలుక రెక్క మీది పొలుసులు ఎటు పోయాయి?

ఒక పాఠకురాలు రెండు ఫోటోలు పంపారు. మొదటిది ఆవిడ ఫోన్లో ఉన్నదే: సీతాకోకచిలుక ముందు రెక్క, మాక్రో లెన్స్ తగిలించి తీసింది. పెద్దది చేసి చూస్తే ఇంటి మీద పెంకులు పరిచినట్టు వరసలు వరసలుగా పొలుసులు. రెండోదీ ఆ ఫోటోనే. కాకపోతే ఆవిడలాగే సీతాకోకచిలుకల పిచ్చి ఉన్న మిత్రులకి పంపి, వాళ్ల ఫోన్లోంచి మళ్లీ వెనక్కి తెప్పించుకున్నది. రెక్క ఉంది, రంగులున్నాయి, పొలుసులు లేవు. తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టుంది. "పంపినకొద్దీ ఫోటో అరిగిపోతుందంటారు, నిజమేనా? నలుగురి చేతులు మారితే ఇంకేమీ మిగలదా?" అని ఆవిడ ప్రశ్న.

అరగదండీ. ఇది క్యాసెట్ల కాలం నాటి నమ్మకం. అప్పట్లో నిజమే, టేపు నుంచి టేపుకి ఎక్కించిన ప్రతిసారీ బుస పెరిగేది, పాట తగ్గేది. డిజిటల్ ఫైలుని వెయ్యిసార్లు కాపీ చేసినా ఒక్క బిట్టు కూడా మారదు. తెరిచి చూసినంత మాత్రాన కూడా ఏమీ కాదు. మరి పొలుసులు పోయాయి కదా? పోయాయి. కానీ అరిగి కాదు, మధ్యలో ఒకరు భాగహారం చేశారు కాబట్టి. నాకు ఈ భాగహారం అంటే మహా ఇష్టం కనుక, మిగతావి గబగబా దాటేసి అక్కడికి వెళ్తాను.

దాటేయాల్సిన వాటిలో మొదటిది సైజు. ఆవిడ ఫోటో 4000 × 3000, అంటే కోటీ 20 లక్షల పిక్సెళ్లు. యాప్ దాన్ని 1600 × 1200 కి కుదించింది, అంటే 19 లక్షల 20 వేలు. ఇక్కడే వందలో 84 పిక్సెళ్లు పోయాయి. ఫ్రేములో అడ్డంగా పట్టిన రెక్క 40 మిల్లీమీటర్లు అనుకుంటే, అసలు ఫోటోలో మిల్లీమీటరుకి 100 పిక్సెళ్లు. సీతాకోకచిలుక పొలుసు దాదాపు 0.1 మిల్లీమీటరు పొడవు, అందులో సగం వెడల్పు. అంటే మొదట్లో ఒక్కో పొలుసుకి 10 × 5 పిక్సెళ్లు దక్కాయి, కుదించాక 4 × 2. ఒక గీత, పక్కన ఖాళీ, మళ్లీ గీత అని చూపించాలంటే గీతకీ ఖాళీకీ కలిపి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. పొలుసులు ఆ అంచు మీదికి వచ్చి నిలబడ్డాయన్నమాట. ఇంకో తోపు తోస్తే పడిపోతాయి. ఆ తోపు జేపెగ్‌ది.

జేపెగ్ అంటే ఫైలు పేరు చివర ఉండే తోక అనుకుంటాం గానీ, అది 1986లో ఏర్పడ్డ ఒక నిపుణుల సంఘం పేరు. ఫోటోల్ని నొక్కి చిన్నవి చేయడానికి వాళ్లు రాసిన ప్రమాణం 1992లో వచ్చింది. అదెందుకు అవసరమైందో లెక్క చూడండి. పిక్సెల్‌కి 3 బైట్ల చొప్పున ఆవిడ ఫోటో 36 ఎంబీ ఉండాలి. ఫోన్లో చూస్తే 4 ఎంబీ. అంటే మనం "అసలు ఫోటో" అని గుండెలకి హత్తుకునేది కూడా కెమెరా అప్పటికే తొమ్మిదో వంతుకి నొక్కేసిందే.

ఆ నొక్కడం ఎలాగంటే, ముందు ఫోటోని 8 × 8 పిక్సెళ్ల చిన్న గడులుగా కోస్తారు. ఒక్కో గడిలో 64 పిక్సెళ్లు. ఇప్పుడు మీ దగ్గర 64 రబ్బరు అచ్చులున్నాయనుకోండి, ప్రతి అచ్చూ సరిగ్గా గడి అంత. మొదటి అచ్చు మీద ఏ బొమ్మా లేదు, గడంతా ఒకే బూడిదరంగు వేస్తుంది. రెండోది ఎడమ నుంచి కుడికి వెలుగు నుంచి చీకటికి మెల్లగా జారుతుంది. మూడోది వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు. ఇలా అడ్డంగా సన్నబడేవి కొన్ని, నిలువుగా సన్నబడేవి కొన్ని, రెండూ కలిసినవి కొన్ని. చిట్టచివరిది చదరంగం బల్లలా పిక్సెల్‌కి పిక్సెల్ మారిపోయే గజిబిజి. ఈ 64 అచ్చుల్నీ ఒకదాని మీద ఒకటి తగినంత సిరాతో వేస్తే, లోకంలో ఏ గడినైనా గీయొచ్చు. ఏ గడినైనా! సీతాకోకచిలుక రెక్కైనా, పసిపాప కనురెప్పైనా. తెలుగులో హల్లులకి అచ్చులు తోడైతే గానీ పని జరగదు, ఇక్కడ మాత్రం అన్నీ అచ్చులే.

ఏ అచ్చుకి ఎంత సిరా అన్నదే ఆ గడి తాలూకు 64 అంకెలు. కొన్నిటికి రుణ సంఖ్య వస్తుంది, అంటే అచ్చుని వెలుగూ చీకటీ తారుమారు చేసి వేశామని. గమనించారా, ఇంతవరకూ మనం పొదుపు చేసిందేమీ లేదు. 64 పిక్సెళ్లు పోయి 64 అంకెలొచ్చాయి. పోగొట్టుకున్నదీ లేదు, అంకెల నుంచి పిక్సెళ్లకి తిరిగి రావచ్చు. ఈ మార్పిడి పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. దీన్ని కనిపెట్టింది బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్. 1972లో ఈ పని మీద పరిశోధనకి నిధులివ్వమని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగితే, "మరీ తేలిగ్గా ఉంది" అన్న ధోరణిలో తిప్పికొట్టారని ఆయనే తర్వాత రాసుకున్నారు. అయినా వదల్లేదు. తన విద్యార్థి నటరాజన్, మిత్రుడు కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో ప్రచురించారు. ఈ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు.

స్కూల్లో నాకు కొసైన్ చెప్పిన మాస్టారిని "ఇది దేనికి పనికొస్తుందండీ" అని అడిగితే "పరీక్షకి" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు. కానీ కొసైనే ఎందుకన్న ప్రశ్నకి భలే జవాబుంది. ఇలాంటి అచ్చుల పనికే అంతకుముందు నుంచీ ఉన్న ఫూరియే పద్ధతి గడి కుడి అంచు తర్వాత మళ్లీ ఎడమ అంచు మొదలవుతుందని లెక్క వేసుకుంటుంది. గడి ఎడమవైపు తెల్లగా, కుడివైపు నల్లగా ఉంటే ఆ అతుకు దగ్గర తెలుపు-నలుపుల మధ్య లేని గోడొకటి లేస్తుంది. ఆ గోడని గీయడానికి సన్న అచ్చులన్నిటికీ సిరా దండగ. కొసైన్ పద్ధతి అంచు దగ్గర అద్దం పెడుతుంది. నలుపు పక్కన దాని ప్రతిబింబం నలుపే వస్తుంది కనుక గోడ లేవదు. ఫోటోల్లో పక్కపక్క పిక్సెళ్లు సాధారణంగా ఒకేలా ఉంటాయి కాబట్టి, సిరా అంతా మొదటి నాలుగైదు అచ్చులకే సరిపోతుంది. మిగతా వాటికి వచ్చేవి చిల్లర అంకెలు.

ఇప్పుడు భాగహారం. ప్రమాణంతో పాటు ఉదాహరణగా 64 అంకెల పట్టిక ఒకటి ఇచ్చారు. మొదటి వరస 16, 11, 10, 16, 24, 40, 51, 61. చివరి మూల 99. కంటికి ఏ అచ్చు ఎంతవరకు ఆనదో ప్రయోగాలు చేసి తేల్చిన పట్టిక ఇది. ప్రతి అచ్చు సిరానీ దాని అంకెతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి, అది మాత్రమే రాసుకుంటారు. మూడో అచ్చు సిరా 47 అనుకోండి. దాని అంకె 10. భాగిస్తే 4.7, సవరిస్తే 5. ఫోటో తెరిచేటప్పుడు 5ని 10తో గుణిస్తారు, 50 వస్తుంది. 47 కాస్తా 50 అయింది, ఎవరికీ తెలియదు. చిట్టచివరి అచ్చు సిరా 40 అనుకోండి. 99తో భాగిస్తే 0.4. దగ్గరి పూర్ణాంకం సున్నా. తెరిచినప్పుడు సున్నాని దేనితో గుణించినా సున్నాయే. పొలుసు పోయిన క్షణం అదే. గడి చివర్లో ఇలా బారులు తీరిన సున్నాల్ని "ఇక్కణ్నుంచి అన్నీ సున్నాలే" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఫైలు చిన్నదయ్యేది ప్రధానంగా ఇక్కడే.

సున్నా కాకుండా బతకాలంటే ఎంత ఉండాలి? లెక్క కట్టి చూస్తే, అడ్డంగా సన్నగా మారే ఎనిమిదో అచ్చు (61) బతకాలంటే సగటుకి అటూ ఇటూ కనీసం 5 మెట్ల వెలుగు తేడా ఉండాలి. వెలుగుకి మొత్తం 256 మెట్లని గుర్తుంచుకోండి. రెండువైపులా సన్నగా మారే చివరి అచ్చుకైతే 12 మెట్లు దాటాలి. నీడలో తీసిన రెక్క మీద పక్కపక్క పొలుసుల మధ్య అంత తేడా ఎక్కడిది? కుదించక ముందు ఆ పొలుసులు 5 పిక్సెళ్ల వెడల్పుతో మధ్య అచ్చుల్లో, చిన్న భాజకాల నీడన హాయిగా ఉన్నాయి. కుదించగానే చివరి అచ్చుల్లోకి, పెద్ద భాజకాల నోట్లోకి వెళ్లి పడ్డాయి. రెండు దెబ్బలూ ఒకదానికొకటి తోడయ్యాయి.

ఫోటోలో నున్నటి ఆకాశం మెట్లుమెట్లుగా కనబడటం కూడా ఈ భాగహారం చలవే. మొదటి అచ్చు సిరా అంటే గడి సగటు వెలుగులోంచి 128 తీసేసి 8తో గుణించింది. 16తో భాగించి సవరిస్తే సగటు వెలుగు రెండేసి మెట్ల చొప్పున తప్ప మారలేదు. సేవ్ చేసేటప్పుడు ఎంచుకునే క్వాలిటీ అంకెని 50 నుంచి 25కి దించితే భాజకాలన్నీ రెట్టింపై, మారితే నాలుగేసి మెట్లు. రెక్క గజిబిజిలో కనబడని గడుల అంచులు ఆకాశంలో మాత్రం పట్టపగలు బయటపడతాయి.

క్వాలిటీ అంటే గుర్తొచ్చింది, అది శాతం కాదు. జేపెగ్ ఫోటోలు తయారు చేయడానికి ఎక్కువగా వాడే లిబ్‌జేపెగ్ అనే ప్రోగ్రాంలో 50 అంటే పైన చెప్పిన పట్టిక యథాతథంగా, 100 అంటే భాజకాలన్నీ 1. అప్పుడు కూడా సవరింపు ఉంటుంది కనుక ఏమీ పోలేదనడానికి లేదు. పాడైన ఫోటోని 100లో మళ్లీ సేవ్ చేస్తే బాగుపడుతుందనుకునేవాళ్లూ ఉన్నారు. సున్నాలు సున్నాలుగానే ఉంటాయి, ఫైలు మాత్రం లావెక్కుతుంది. "నెట్‌లో పెట్టే ఫోటోకి 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) ఉండాలి" అనేది ఇంకో మూఢనమ్మకం. ఆ అంకె ప్రింటరుకి ఇచ్చే సూచన మాత్రమే. 72 అని ఉన్నా 300 అని ఉన్నా తెర మీద పడేవి అవే పిక్సెళ్లు.

ఇక నాలుగు చేతులు మారడం సంగతి. సేవ్ చేసిన ఫోటోని అదే పట్టికతో మళ్లీ సేవ్ చేస్తే? మన 50ని 10తో భాగిస్తే సరిగ్గా 5. సవరించడానికేమీ లేదు, కాబట్టి కొత్తగా పోయేది దాదాపు శూన్యం. కానీ రెండో యాప్ పట్టికలో అక్కడ 12 ఉందనుకోండి, 4.17 వచ్చి 4 అవుతుంది, తెరిస్తే 48. ప్రతి యాప్‌కీ తన పట్టిక, తన కొలత. అంతకంటే తమాషా క్రాప్ చేయడం. ఎడమ పక్క కేవలం మూడు పిక్సెళ్లు కత్తిరించినా గడులన్నీ మూడు పిక్సెళ్లు పక్కకి జరుగుతాయి. పాత గడులు రెండింట్లోంచి తలా కొంత వచ్చి కొత్త గడిలో పడతాయి. నీటుగా కూర్చున్న 50లన్నీ చెదిరి మళ్లీ 47లూ 53లూ అవుతాయి, మళ్లీ సవరింపు. సరిగ్గా 8 పిక్సెళ్లు కత్తిరిస్తే గడులు కదలవు. రంగు సమాచారాన్ని సగం కొలతకి తగ్గించిన ఫోటోల్లో మాత్రం అది 16. జేపెగ్‌ట్రాన్ అనే చిన్న ప్రోగ్రాం ఈ కిటుకుతోనే, ఫోటోని పిక్సెళ్లుగా విప్పకుండా, అచ్చుల అంకెల్నే అటూ ఇటూ మార్చి నష్టం లేకుండా తిప్పడం, కత్తిరించడం చేస్తుంది.

"డాక్యుమెంట్‌గా పంపితే సరిపోతుందిగా" అంటారు. పొలుసులు భద్రం, నిజమే. కానీ ఆ ఫైలులో ఎగ్జిఫ్ అనే చీటీ కూడా అలాగే వెళ్తుంది: ఏ కెమెరా, ఏ నిమిషాన, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర. 2012 డిసెంబరులో, పోలీసులకి దొరక్కుండా తిరుగుతున్న, యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి తెలిసింది ఈ చీటీ వల్లే. ఆయనతో తిరుగుతున్న విలేకరుల పత్రిక పెట్టిన ఫోటోలోంచి చీటీ తీసేయడం మరిచారు. అరుదైన సీతాకోకచిలుక ఏ చెట్టు మీద వాలిందో పట్టుకునేవాళ్లకి చిరునామా రాసిచ్చినట్టవుతుంది, లొకేషన్ తీసేసి పంపండి.

పాఠకురాలికి నేను చెప్పింది ఇంతే: యాప్ కుదించేలోపు మీరే కత్తిరించండి. ఆవిడ అసలు ఫోటోలో పొలుసులు బాగా కనబడే చోట 1200 పిక్సెళ్ల చదరపు ముక్క తీసుకున్నారు, అంటే రెక్కలో 12 మిల్లీమీటర్లు. యాప్ పరిమితి కంటే చిన్నది కనుక అది కుదించలేదు, పొలుసు 10 × 5 గానే ఉంది. యాప్ తన పట్టికతో మళ్లీ భాగించే ఉంటుంది, భాగించనీండి. ముక్క చేరిన గంటకి మిత్రుల్లో ఒకాయన, ఆ సీతాకోకచిలుకకి అంతకుముందు తాను చెప్పిన పేరు తప్పని ఒప్పుకున్నారట. రెక్క అంచున నల్లమచ్చ అనుకున్నది మచ్చ కాదు, పొలుసులు రాలిపోయిన చోటు.