కిందికి చూడలేని కళ్లు

పెద్దవయసులో కాలు తట్టుకునో జారో పడేవాళ్లు చాలావరకు ముందుకో పక్కకో పడతారు. చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, మణికట్టు విరుగుతుంది. కొందరు మాత్రం దేనికీ తట్టుకోకుండా, నిలబడ్డచోటే వెనక్కి పడిపోతారు. ఫ్రిజ్ తలుపు లాగినప్పుడు, దండెం మీద తువ్వాలు అందుకున్నప్పుడు, ఎవరో పిలిస్తే గిరుక్కున తిరిగినప్పుడు. చెయ్యి అడ్డం రాదు, తల వెనక దెబ్బ తగులుతుంది. అరవై దాటిన మనిషి ఒక ఏడాదిలో ఇలా రెండు మూడుసార్లు పడితే "వయసు కదా" అని సరిపెట్టుకోవద్దు. న్యూరాలజిస్టుకు చూపించండి. విశాఖలో ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది.

ఇలా పడటానికి కారణమయ్యే జబ్బుల్లో ఒకటి ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ. డాక్టర్లు పీఎస్పీ అంటారు. దీన్ని పార్కిన్సన్స్ అనుకుని మందులు వాడుతూ రెండు మూడేళ్లు గడిపేసే కుటుంబాలు చాలా ఉంటాయి. తేడా గట్టిగానే ఉంటుంది. పార్కిన్సన్స్‌లో చెయ్యి వణుకుతుంది, ఒళ్లు ముందుకు వంగుతుంది, పడిపోవడం చాలా ఏళ్ల తర్వాత మొదలవుతుంది. పీఎస్పీలో వణుకు అరుదు. మెడా నడుమూ బిగుసుకుని మనిషి నిటారుగా ఉంటాడు, పడిపోవడం మొదట్లోనే వస్తుంది. పార్కిన్సన్స్‌కు బాగా పనిచేసే లెవోడోపా అనే మందు ఇక్కడ కొద్దిగా, కొన్నాళ్లపాటు పనిచేస్తే గొప్ప.

కెనడాలోని టొరంటోలో 1950ల్లో క్లిఫర్డ్ రిచర్డ్‌సన్ అనే న్యూరాలజిస్టు దగ్గరికి ఆయన స్నేహితుడే వచ్చి, నడక తడబడుతోందని, చూపు సరిగా లేదని, మతిమరుపు వస్తోందని చెప్పాడు. ఆ లక్షణాలు అప్పటికి తెలిసిన ఏ జబ్బుకీ సరిపడలేదు. తర్వాత అలాంటివాళ్లు మరికొందరు కనబడ్డారు. రిచర్డ్‌సన్, జాన్ స్టీల్, జెర్జీ ఓల్షెవ్‌స్కీ కలిసి 9 మంది రోగుల వివరాలతో 1964లో వ్యాసం ప్రచురించారు. అంటే వైద్యశాస్త్రం దీన్ని విడిగా గుర్తించి అరవై ఏళ్లు దాటిందంతే.

జబ్బు మూలం టౌ అనే ప్రోటీన్. మెదడు కణాల లోపలి సన్నటి గొట్టాలు చెదిరిపోకుండా పట్టి ఉంచడం దాని పని. అది చెడిపోయి ఉండలు కడితే కణాలు చచ్చిపోతాయి. మధ్యమెదడుకు ఎక్కువ దెబ్బ తగులుతుంది. నిలకడకు సంబంధించిన కణాలూ, కళ్లను పైకీ కిందికీ తిప్పమని ఆజ్ఞ ఇచ్చే కణాలూ అక్కడే ఉన్నాయి. కంటి కండరాలు బాగానే ఉంటాయి, వాటికి వెళ్లే నరాలూ బాగానే ఉంటాయి. పైనుంచి రావలసిన ఆజ్ఞే రాదు. డాక్టరు దీన్ని తేలిగ్గా పట్టుకుంటారు. "నా ముక్కు వైపే చూడండి" అని చెప్పి రోగి తలను మెల్లగా వెనక్కి వంచుతారు. "కిందికి చూడండి" అంటే కదలని కళ్లు అప్పుడు మాత్రం కిందికి తిరుగుతాయి.

ఈ ఒక్క విషయం అర్థమైతే ఇంట్లో సగం గొడవలు ఆగిపోతాయని నా నమ్మకం. మా మావయ్య ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. అన్నం ఒళ్లో పోసుకుంటున్నారని, గడప చూసుకోకుండా నడుస్తున్నారని అత్తయ్య విసుక్కునేది. చత్వారం పెరిగిందేమోనని కళ్లజోడు మీద కళ్లజోడు మార్పించారు. బైఫోకల్ అద్దంలో దగ్గరి చూపు అడుగు భాగంలో ఉంటుంది. కన్ను కిందికి దిగనివాళ్లకు ఆ అద్దం ఎంత ఖరీదైనదైనా ఉపయోగం లేదు. నడకకు ఒకటి, చదవడానికి ఒకటి విడివిడిగా ఉండాలి, పేపరు కంటి ఎత్తుకు రావాలి. కంచాన్ని చిన్న పీట మీద పెట్టి ఎత్తు పెంచిన రోజు నుంచి మావయ్య తినే తీరు మారిపోయింది.

విశాఖ ఇలాంటివాళ్లకు కష్టమైన ఊరు. కొండవాలు ఇళ్లు, ఎత్తుపల్లాల వీధులు, సిటీ బస్సు ఫుట్‌బోర్డు, బీచ్ రోడ్డు నుంచి ఇసుకలోకి దిగే మెట్లు. కొండ కింద తొలి పావంచా నుంచి సింహాచలం మెట్లు ఎక్కడం అలవాటున్న మనిషికి దిగేటప్పుడే కాళ్లు ఆగిపోతాయి, తరవాతి మెట్టు కనబడదు మరి. మెట్లకు రెండు వైపులా రెయిలింగు ఉండాలి, మెట్టు అంచుకు రంగు వేస్తే మంచిది, అన్నిటికన్నా పడకగది కింది అంతస్తుకు మార్చడం ముఖ్యం. కనురెప్పలు వాల్చడం నిమిషానికి ఐదుసార్ల లోపుకు పడిపోవచ్చు. కళ్లు ఎండిపోతాయి, సముద్రం మీది ఎండ భరించలేరు. చుక్కల మందు, టోపీ, చలవ అద్దాలు ఉంటే పొద్దుటి బీచ్ నడక మానక్కర్లేదు. తేలికపాటి వాకర్ మనిషితోపాటే వెనక్కి లేచిపోతుంది. ముందు భాగంలో బరువు కట్టిన చక్రాల వాకర్ నయం. తోడు నడిచేవాళ్లు పక్కన, కాస్త వెనకగా ఉండాలి. ముందు నిలబడి చేతులు పట్టుకు లాగడం ప్రమాదం.

"లేవొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు" అనేది ఇళ్లల్లో తరచూ వినబడే మాట. మొండితనం కాదది. ఆగు అని చెప్పే ముందుమెదడు దారులు కూడా దెబ్బతింటాయి కాబట్టి మనిషి ఆలోచించకుండా దిగ్గున లేస్తాడు. కేకలేస్తే లాభం లేదు. నీళ్లు, ఫోన్, రిమోట్ చేతికందేలా పెట్టాలి. బాత్రూముకు అడక్కముందే వేళకు తీసుకెళ్లాలి. దిగ్గున లేవడానికి చాలాసార్లు అదే కారణం. మనవరాలిని చూసి నవ్వకపోవడం, అడిగినదానికి వెంటనే జవాబివ్వకపోవడం కూడా జబ్బులో భాగమే. మాట అర్థమవుతుంది, జవాబు పుట్టడానికి టైం పడుతుంది. ప్రశ్న అడిగి, మళ్లీ అడగకుండా కాసేపు ఆగండి. జవాబు వస్తుంది.

మందుల సంగతి క్లుప్తంగా చెప్తాను. జబ్బును ఆపే మందు ఇప్పటిదాకా లేదు. టౌ మీద పనిచేసేలా తయారుచేసిన రెండు యాంటీబాడీలను రోగులపై పరీక్షిస్తే జబ్బు వేగం తగ్గలేదు. అందుకే ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, ఇంటి మార్పులే అసలు వైద్యం. లక్షణాలు మొదలయ్యాక చాలామంది ఆరు నుంచి తొమ్మిదేళ్లు ఉంటారు.

ఆ ఏళ్లలో బాగా భయపడవలసింది మింగడం గురించి. తినేటప్పుడు పదేపదే పొలమారుతుంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో చూడాలి. పీఎస్పీ రోగులను ఎక్కువగా పొట్టనబెట్టుకునేది దానివల్ల వచ్చే న్యుమోనియానే. పలచటి చారులో మెతుకులు కలిసిన అన్నం లాంటివి, ద్రవమూ గట్టిదీ కలిసి ఉండేవి మింగడం కష్టం. మెత్తగా కలిపిన పెరుగన్నం, చిక్కటి జావ తేలిక. ఎంత చిక్కగా ఉండాలో, తల ఏ కోణంలో పెట్టాలో స్పీచ్ థెరపిస్టు మింగించి చూసి చెబుతారు. పొట్టలోకి ట్యూబు వేయించాలా అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ట్యూబు పోషణకు పనికొస్తుంది గానీ న్యుమోనియా రాకుండా పూర్తిగా ఆపలేదు. వేయించాలో వద్దో రోగినే అడగాలి, అదీ మాట స్పష్టంగా ఉన్నప్పుడే. చివరి దశలో వెంటిలేటర్ లాంటివి వద్దనుకుంటే ముందే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. ఈ జబ్బులో చేతిరాత కూడా పాడవుతుంది, కనుక ఆ కాగితం తొలి ఏళ్లలోనే రాయించుకోవాలి.